బెల్లు బయటివాళ్ళకి

సాయంత్రంపూట అంట్లు తోమేటప్పుడు ఆమె కుళాయిని పూర్తిగా తిప్పదు. సన్నటి ధార వదిలి, దాని కిందే గిన్నెల్ని అటూ ఇటూ తిప్పుకుంటూ తంటాలు పడుతుంది. నీళ్ళు పొదుపు చేస్తోందనుకుని పక్కింటావిడ ఒకసారి మెచ్చుకుంది కూడా. పొదుపూ లేదు, పాడూ లేదు. కుళాయి జోరుగా వదిలితే బండి చప్పుడు వినబడదు, అంతే. అందుకే సందెవేళ ఆ ఇంట్లో మిక్సీ తిరగదు, రేడియో పాడదు, ఆమె స్నానానికి వెళ్ళదు. తల తుడుచుకునేటప్పుడు చెవుల మీద తువ్వాలు పడుతుందని తలస్నానం తెల్లవారుజామునే కానిచ్చేస్తుంది. కాపురానికి వచ్చాక ఆమె నేర్చిన విద్యలన్నిటిలోకీ పెద్ద విద్య ఇదే: వీధి మలుపులో తిరిగే నానా బండ్లలోంచి ఒక్క బండిని ఏరుకోవడం. గేరు మార్చేటప్పుడు ఆ బండి ఒకసారి దగ్గుతుంది. ఆ దగ్గు చెవిన పడిందా, చేతిలో ఏముంటే అది అక్కడే పెట్టేసి, తడిచేతులు ఒంటిమీది బట్టకే తుడుచుకుంటూ వెళ్ళి తలుపు తీస్తుంది. అతను పైమెట్టు ఎక్కేసరికి తలుపు తెరిచి ఉండాలి. ఇప్పుడు అతను ఆ ఇంట్లో ఉండటం లేదు. ఉండకూడదని కోర్టు చెప్పింది. అయినా కుళాయి మాత్రం సన్నగానే కారుతోంది.

ఇంటికి కాలింగ్ బెల్లు లేక కాదు. గుమ్మం పక్కనే ఉంది, వీధి చివరిదాకా వినబడేలా మోగుతుంది. పాలతను నొక్కుతాడు, పార్సిళ్ళు తెచ్చేవాళ్ళు నొక్కుతారు, పక్కింటావిడైతే నొక్కిన వేలు తీయదు. అతనొక్కడే దాన్ని ముట్టుకున్న పాపాన పోలేదు. పెళ్ళయిన కొత్తలో ఒక సాయంత్రం ఆమె పొయ్యి కట్టేసి వచ్చేసరికి కాస్త ఆలస్యమైంది. అప్పుడు అత్తగారు పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగానే చెప్పింది. "బెల్లు బయటివాళ్ళకి అమ్మాయ్. ఇంటి మగాడు గుమ్మంలో నిలబడి బెల్లు కొట్టుకుంటే ఇంట్లో మనుషులున్నట్టా, లేనట్టా?" అత్తగారు గయ్యాళి కాదు. తనకి అత్తగారు నేర్పిన పాఠం తను కోడలికి నేర్పింది, అంతే. మామగారి సైకిలు చైను చప్పుడు విని ముప్పైయేళ్ళు తలుపు తీసిన మనిషి ఆవిడ. ఆయన పోయిన తర్వాత కూడా సందెవేళకి లేచి వెళ్ళేది, తలుపు తీసి వీధిలోకి ఒకసారి చూసి, మళ్ళీ వేసి వచ్చి కూర్చునేది. ఎందుకని ఎవరూ అడగలేదు. అడిగితే ఆవిడ ఏం చెప్పేదో.

తాళంచెవి పెట్టుకోమని ఒకటి రెండుసార్లు అడిగి చూసింది. "నా ఇంటికి నేను తాళంచెవి పట్టుకు రావడానికి నేనేమైనా దొంగనా?" అన్నాడతను. ఇంకోసారి నలుగురు చుట్టాల ముందు నవ్వుతూ, "కాపలాకుక్కకైనా యజమాని బండి చప్పుడు తెలుస్తుంది, ఈవిడకి నేర్పించాల్సి వచ్చింది" అన్నాడు. చుట్టాలు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే వాళ్ళు వెళ్ళిన తర్వాత ఏమవుతుందో తెలుసు కాబట్టి.

విచిత్రం ఏమిటంటే ఆమె ఉద్యోగం కూడా చప్పుళ్ళతోనే. చెవి డాక్టరుగారి ఆస్పత్రిలో వినికిడి పరీక్షలు చేస్తుంది. మెత్తటి గోడలున్న చిన్న గదిలో మనిషిని కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి ఒక మీట ఇస్తుంది. చప్పుడు వినబడితే నొక్కాలి, వినబడకపోతే ఊరుకోవాలి. ఇంత సులువైన పనిలోనూ మనుషులు తడబడతారు. చప్పుడు లేకపోయినా నొక్కేస్తారు కొందరు. వినబడలేదంటే ఏమనుకుంటారోనని, ఎదుటివాళ్ళని నిరాశపరచకూడదని, ముందే నొక్కి ఉంచుతారు. అటువంటివాళ్ళు పట్టుబడాలంటే కాసేపు ఏ చప్పుడూ పెట్టకుండా ఊరుకోవాలి. ఆ నిశ్శబ్దంలో వాళ్ళ వేళ్ళు మీట మీద అలా వణుకుతూ ఉంటాయి. ఆ పని చేసేవాళ్ళు ఆస్పత్రిలో ఇద్దరు, ఆమె ఒకతి, ఇంకో కుర్రాడు. టీ మాత్రం ఆమే పెట్టాలి. "నువ్వు పెడితేనే దానికి రుచమ్మా" అంటారు డాక్టరుగారు. ఆ కుర్రాడు పెట్టిన టీ ఎలా ఉంటుందో ఆయన ఒక్కసారైనా తాగి చూసింది లేదు.

ఆ సాయంత్రం పిల్లకి ఒళ్ళు కాలిపోతోంది. పిల్ల అసలు పేరు ఏదైనా ఇంట్లో పిచ్చుక అనే పిలుస్తారు, నాలుగో క్లాసు. వెనకగదిలో పిల్ల నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ, మూలుగుతుంటే పాట పాడుతూ, ఆమె వీధిని మర్చిపోయింది. బండి వచ్చింది, ఆగింది. అతను మెట్లెక్కాడు. ఎదురింటివాళ్ళు చూస్తుండగా మూసిన తలుపు ముందు నిలబడ్డాడు. బెల్లు కొట్టలేదు. ఎంతసేపు నిలబడ్డాడో తెలియదు. ఏదో అనుమానం వచ్చి ఆమె పరుగెత్తుకెళ్ళి తీసింది. అతను అరవలేదు. లోపలికి వచ్చి చెప్పులు విప్పుకుంటూ, "వినబడలేదా?" అని అడిగాడు, చాలా మర్యాదగా. ఆమె చెయ్యి ఇంకా ద్వారబంధం మీదే ఉంది. అతను దాన్ని చూశాడు, తలుపునీ చూశాడు. ఆ తర్వాత తలుపు వేశాడు. విసురుగా కాదు, బలంగా, భుజం ఆనించి. "ఇకమీదట వినబడుతుందిలే" అన్నాడు. వెనకగది గుమ్మంలో దుప్పటి కప్పుకుని పిచ్చుక నిలబడి ఉంది.

మర్నాడు ఆస్పత్రిలో కట్టు చూసి అందరూ అడిగారు. గాలికి తలుపు పడిందని చెప్పింది. "జాగ్రత్తగా ఉండాలమ్మా, చేతులతో పని కదా నీది" అని డాక్టరుగారు బాధపడ్డారు. కాసేపాగి, రెండో చేత్తో టీ పెట్టగలదేమో కనుక్కున్నారు.

ఆ రోజు పరీక్షకు వచ్చినవాళ్ళలో ఒక వకీలమ్మ ఉంది. నెరిసిన జుట్టు కత్తిరించుకున్న మనిషి. ఎడంచెవి సరిగా వినబడదు కాబట్టి ఎవరితో మాట్లాడినా కోర్టులో వాదిస్తున్నట్టే ఉంటుంది. హెడ్‌ఫోన్లు తగిలించబోతే ఆ చెయ్యి పట్టుకుని కట్టు వైపు చూసింది. "గాలికి పడితే ఒక వేలు నలుగుతుంది. మూడు వేళ్ళూ వరసగా నలగవు. ఎవరు వేశారు తలుపు?" అంది గొంతెత్తి. ఆమె తలుపు వైపు చూసింది, బయటికి వినబడిందేమోనని. అంతలోనే గుర్తొచ్చింది, ఆ గదిలో ఎంత అరిచినా బయటికి వినబడదు. గోడలకి చెవులుంటాయంటారు గానీ ఆ గది గోడలకి మాత్రం లేవు. ఇన్నేళ్ళలో ఆమె మొదటిసారి నిజం చెప్పింది అక్కడే, ఒక కుడిచెవిలో.

చెప్పినంత తేలిగ్గా ఏదీ జరగలేదు. అన్నయ్య దగ్గరికి వెళ్తే, "ఇల్లు వదిలేసి వచ్చెయ్, చూసుకుందాం" అన్నాడు, కానీ ఆ మాట వదిన మొహం వైపు చూస్తూ అన్నాడు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం, పాపం అతని ఇబ్బంది అతనిది. వకీలమ్మ మాత్రం ఒకటే మాట పట్టుకుంది. "నువ్వెందుకు వదలాలి ఇల్లు? ఎవరి పేరు మీదుంటే నీకేం? కాపురం చేసిన ఇల్లు అది. విడాకుల కేసు తేలేదాకా అందులో ఉండే హక్కు నీకుంది. కొట్టినవాడు బయటికి పోవాలి గానీ దెబ్బ తిన్నది కాదు." అలా విడాకులకీ, రక్షణకీ ఒకేసారి అర్జీ పెట్టారు. పిల్ల బడి ఆ వీధి చివరే. పిల్ల మంచం, పిల్ల స్నేహితులు, ఆమె జీతంలోంచి కొని పెట్టుకున్న గిన్నెలు, కిటికీ పక్కన మొక్కలు అన్నీ అక్కడే. ఆ ఇల్లు పోతే అన్నయ్యింట్లో వదిన మొహం చూస్తూ బతకాలి, లేదా అతని దగ్గరికే తిరిగి వెళ్ళాలి. మూడో దారి లేదు.

కోర్టు తాత్కాలికంగా ఆర్డరు ఇచ్చింది. అతను ఆ గుమ్మం తొక్కకూడదు, ఆమె పనిచేసే చోటికి రాకూడదు, తన సామాను కావాలంటే పోలీసుని వెంటబెట్టుకునే రావాలి. ఒక హెడ్ కానిస్టేబులు వచ్చి నిలబడితే అతను పెట్టె సర్దుకున్నాడు. తాళం మార్పించారు. అతను అక్కగారింటికి వెళ్ళాడు, అత్తగారు కొన్నాళ్ళుగా అక్కడే ఉంటోంది. గేటు దాటుతూ ఆమెకి మాత్రమే వినబడేలా అన్నాడు: "నువ్వు నన్ను ఎన్నాళ్ళు బయట నిలబెడతావో చూస్తా." హెడ్ కానిస్టేబులు తన ఫోను నంబరు ఇచ్చి, ఏమైనా ఉంటే చెయ్యమ్మా, స్టేషను పక్కవీధే కదా అన్నాడు. ఆ రాత్రి ఆమె ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది.

అంతా చక్కబడిందనుకునేలోపే ఆదివారం వచ్చింది. పిచ్చుక లోపల బొమ్మలు వేసుకుంటోంది. ఆమె ఉతికిన బట్టలు మడతపెడుతోంది. వీధి మలుపులో బండి దగ్గింది. తర్వాత ఏం జరిగిందో ఆమెకి ఇప్పటికీ వరసగా చెప్పడం రాదు. చేతిలో పిల్ల గౌను ఉంది, అది కుర్చీ మీద పడింది. కాళ్ళు నడిచాయి. చెయ్యి గొళ్ళెం తీసింది. తలుపు పూర్తిగా తెరుచుకున్న తర్వాత, ఎదురుగా పైమెట్టు మీద అతన్ని చూసిన తర్వాత, అప్పుడు వచ్చింది బుద్ధి. అతను కూడా ఒక్క క్షణం తెల్లబోయాడు. వెంటనే నవ్వు వచ్చింది అతనికి. ఆమె పక్కనుంచి లోపలికి నడిచి, తన కుర్చీలో తను కూర్చుని, "మంచినీళ్ళు" అన్నాడు. ఆమె తెచ్చింది. తెచ్చిందంటే తెచ్చింది, దానికి ఆమె దగ్గర కారణం లేదు. అతను ఫోను తీసి కుర్చీనీ గ్లాసునీ గ్లాసు అందిస్తున్న ఆమెనీ ఫొటో తీసుకున్నాడు. నీళ్ళు తాగి, గ్లాసు కుర్చీ చేతి మీద పెట్టి, లేచాడు. "నేను బెల్లు కూడా కొట్టలేదు. నువ్వే తీశావు" అని వెళ్ళిపోయాడు. ఆమె ఆ గ్లాసు కడిగింది. కడిగి, బోర్లించి, మళ్ళీ తీసి కడిగింది. తన మీద తనకి అంత అసహ్యం అంతకుముందు ఎప్పుడూ వేయలేదు, వేళ్ళు నలిగిన రోజున కూడా.

ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండా ఉంటే జరగనట్టే అనుకుంది. ఆర్డరు రద్దు చేయాలని అతను వేసిన పిటిషను కాపీతో పాటు ఆ ఫొటో వకీలమ్మ బల్ల మీదికి వచ్చింది. భార్య తానే తలుపు తీసి ఆహ్వానిస్తోందట, మంచినీళ్ళు ఇస్తోందట, ఆమెకి భయమన్నదే లేదట, ఎవరో పక్కవాళ్ళు ఎక్కిస్తే కేసు పెట్టిందట. కాబట్టి తన ఇంట్లోకి తనని రానివ్వాలట.

"బెదిరించాడా?" అని అడిగింది వకీలమ్మ.

"లేదండీ."

"తలుపు బాదాడా? తోసుకొచ్చాడా?"

"లేదు. నేనే తీశాను."

"రమ్మన్నావా?"

"అనలేదు."

"మరి ఎందుకు తీశావమ్మా? రోట్లో తల పెట్టి, రోకలి నీ చేత్తోనే ఎత్తి ఇచ్చావు కదా."

"బండి చప్పుడు వినబడిందండీ" అంది ఆమె. వకీలమ్మ కుడిచెవి ఇటు తిప్పి, "ఏమిటీ?" అంది. ఆమె మళ్ళీ చెప్పింది. వినబడింది గానీ అర్థం కాలేదని ఆవిడ మొహంలోనే తెలుస్తోంది. చదువుకుని, వాదించి, కోర్టులో మగవకీళ్ళని నిలబెట్టి నీళ్ళు తాగించే మనిషికి ఇది అర్థమయ్యేలా ఎలా చెప్పాలి? ఆమె ఒంటి మీద మచ్చలు చూపించగలదు, వంకరగా మొలిచిన గోరు చూపించగలదు. కాళ్ళు వాటంతటవే నడవడం ఎలా చూపించగలదు?

చివరికి ఆమె అంది. "మీరు పరీక్షకి వచ్చిన రోజు ఎడంచెవికి నేను మధ్యలో చప్పుడు ఆపేశానండీ. మీరు అప్పుడు కూడా మీట నొక్కారు. ఒకసారి కాదు."

వకీలమ్మ మొహం ఎర్రబడింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "కోర్టులో ఎవరైనా అడిగింది వినబడలేదంటే నవ్వుతారని భయం నాకు. అందుకని వినబడినా వినబడకపోయినా తల ఊపేస్తాను. ఎన్నాళ్ళనుంచో అదే అలవాటు." కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని, "సరే, అర్థమైంది. జడ్జిగారికి ఎలా అర్థమవుతుందో చూద్దాం" అంది. ఒకరికి వినబడక బాధ, ఒకరికి వినబడి బాధ. ఇద్దరూ నవ్వబోయి మానేశారు.

కోర్టులో అతను ఎంత బుద్ధిమంతుడిలా నిలబడ్డాడో చూడాల్సిందే. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. కాళ్ళు పట్టుకోవాల్సిన చోటు ఇది. చేతులు కట్టుకుని, కళ్ళు వాల్చుకుని ఉన్నాడు. ఆ వెనక బెంచీ మీద అత్తగారు కూర్చుని ఉంది. ఆమె బోనెక్కి, ఆ ఇంటి పద్ధతి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన బెల్లు కొట్టరు, చప్పుడు విని నేనే తీయాలి, తీయని రోజున ఇది జరిగింది అని చెయ్యి చాపింది. అతని వకీలు నవ్వాడు. "చప్పుడు వినబడితే కాళ్ళు నడుస్తాయా అమ్మా? అయితే ఇవాళ కోర్టులో భోజనం గంట కొడితే అందరం లేచిపోతామా?" వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అత్తగారు నవ్వలేదు. ఆవిడ తన కాళ్ళ వైపు చూసుకుంటూ కూర్చుంది.

జడ్జిగారు చెడ్డాయన కాదు, మంచాయన అని కూడా గట్టిగా చెప్పలేం. జలుబుతో ముక్కు తుడుచుకుంటూ అంతా విన్నాడు. "అమ్మా, కోర్టు ఆర్డరు ఇవ్వగలదు గానీ మీ ఇంటికొచ్చి గొళ్ళెం పెట్టలేదు. ఆయన వచ్చినందుకు ఆయన్ని హెచ్చరిస్తున్నాను. వచ్చే వాయిదాదాకా ఆర్డరు ఉంటుంది. ఈలోగా మళ్ళీ మీరే తలుపు తీసినట్టు తెలిస్తే మాత్రం, మీకు ఈ రక్షణ అవసరం లేదనే అనుకోవాల్సి వస్తుంది." ఆ మాట అతను ఎంత శ్రద్ధగా విన్నాడో ఆమె చూసింది. బయట వరండాలో అత్తగారు ఎదురుపడింది. ఏమైనా అంటుందేమోనని ఆమె ఆగింది. ఆవిడ ఆమె చెయ్యి పట్టుకుని వంకరగోరు మీద బొటనవేలితో ఒకసారి రాసి, "నాకు చూపించలేదేం?" అని మాత్రం అంది. అంతలో కొడుకు పిలిచాడు. పిలవగానే వెళ్ళిపోయింది.

అప్పటినుంచి బండి సందెవేళ ఆ వీధిలో తిరగడం మొదలుపెట్టింది. ఆగేది కాదు. మలుపు దగ్గర దగ్గి, ఇంటి ముందు మెల్లగా నడిచి, చివరిదాకా వెళ్ళిపోయేది. వీధి ఎవడబ్బ సొమ్ము, ఎవరైనా తిరగొచ్చు. వకీలమ్మ అది కూడా ఆపించాలని అర్జీ రాస్తోంది గానీ, వాయిదా వచ్చేదాకా దానికీ మోక్షం లేదు. దగ్గు వినబడిన ప్రతిసారీ ఆమె కాళ్ళు లేచేవి. వంటగట్టు పట్టుకుని నిలబడేది. ఒక రోజైతే గుమ్మందాకా వెళ్ళి, గొళ్ళెం మీద చెయ్యి వేసి, బండి దాటిపోయేదాకా అలాగే ఉండిపోయింది. ఆస్పత్రి గదిలో మీట పట్టుకుని కూర్చునేవాళ్ళు గుర్తొచ్చారు. ఎప్పుడూ ఆ గది గాజు కిటికీకి ఇవతల కూర్చుని వాళ్ళని చూసి జాలిపడేది. ఇప్పుడు తను అవతల కూర్చుంది, ఇవతల అతనున్నాడు. ఎప్పుడు చప్పుడు పెట్టాలో, ఎప్పుడు ఊరుకోవాలో అతని ఇష్టం. వేలు జారేదాకా అతనికి ఓపిక ఉంది. ఆమెకి లేదు. పక్కింటావిడతో చెప్పి బయటనుంచి తాళం వేయించుకుందామా అని కూడా ఆలోచించింది. తన ఇంట్లో తనని తనే బంధించుకునేదాకా వచ్చిందని ఏడుపు వచ్చింది.

వాయిదాకి ముందు సాయంత్రం బండి దగ్గింది. ఈసారి దాటిపోలేదు. గేటు ముందు ఆగింది, ఇంజను ఆగింది. ఆమె గిన్నె వదిలేసి గట్టు అంచు రెండు చేతులా పట్టుకుంది. కాళ్ళు గుమ్మం వైపు లాగుతున్నాయి. ఫోను అందుకుంది. హెడ్ కానిస్టేబులు వెంటనే ఎత్తాడు, వస్తున్నానమ్మా అన్నాడు. ఇంకేం, ఇక్కడే నిలబడితే చాలు, కదలకుండా నిలబడితే చాలు అనుకుంది. మెట్ల మీద అడుగులు వినబడ్డాయి. అప్పుడే ముందుగదిలో ఇంకొక చప్పుడు విన్నది, నేల మీద పెన్సిలు పెట్టిన చప్పుడు.

వెళ్ళి చూస్తే పిచ్చుక లేచి నిలబడి ఉంది. హోంవర్కు అలాగే పరిచి ఉంది. పిల్ల రెండు చేతులూ గౌనుకి తుడుచుకుంటూ తలుపు వైపు నడుస్తోంది. ఆ చేతులు తడిగా లేవు. తుడుచుకోవాల్సిన పనే లేదు. ఆ తుడుచుకోవడం ఎవరిదో ఆమెకి తెలుసు. గొళ్ళెం అందక పిల్ల మునివేళ్ళ మీద లేచింది.

"పిచ్చుకా."

"నాన్న వచ్చాడమ్మా." అదేదో మామూలు సంగతి చెప్పినట్టే అంది పిల్ల.

"తెలుసు. ఇటు రా."

"ఆలస్యమైతే కోపం వస్తుంది కదా. నువ్వు ఉండమ్మా, నేను తీస్తాలే. నా వేళ్ళు చిన్నవి, గబుక్కున తీసేసుకుంటాను."

ఆమెకి ఒక్క క్షణం ఏమీ కనబడలేదు. అత్తగారికి వాళ్ళత్తగారు నేర్పింది. తనకి అత్తగారు చెప్పి నేర్పింది. ఈ పిల్లకి ఎవరూ చెప్పలేదు. చెప్పక్కరలేకపోయింది, రోజూ తన వెనకే నిలబడి చూసి నేర్చుకుంది. ఇల్లు దక్కించుకోవాలని, ఆర్డరు నిలబెట్టుకోవాలని గట్టు పట్టుకుని నిలబడిన తనకి, ఇంత దగ్గరలో ఇంకొక జత కాళ్ళు నడుస్తున్నాయని తోచనే లేదు. ఆమె వెళ్ళి పిల్ల చెయ్యి గొళ్ళెం మీదనుంచి తీసింది. ఒక్కొక్క వేలూ తడిమి చూసింది. తన కాళ్ళు తలుపు వైపు లాగడం ఎప్పుడు మానేశాయో గమనించలేదు. పిల్లని తెచ్చి పుస్తకాల ముందు కూర్చోబెట్టి, పెన్సిలు చేతికిచ్చింది.

"ఇంట్లో ఎవరికి చప్పుడు వినబడినా లేవక్కరలేదు. నువ్వు లేవక్కరలేదు, నేనూ లేవక్కరలేదు. లెక్క పూర్తి చెయ్యి."

"మరి నాన్న?"

"నుంచుంటాడు."

తలుపు అవతల నిశ్శబ్దంగా ఉంది. అతను పైమెట్టు మీద ఉన్నాడని, తలుపు తెరుచుకుంటుందని చూస్తున్నాడని ఆమెకి తెలుసు. అతనికి అలవాటైన నిశ్శబ్దం అది. చెప్పులు ఒకసారి కదిలాయి. గొంతు సవరించుకున్నాడు. ఎదురింటి తలుపు తీసిన చప్పుడైంది, ఎవరో బయటికి వచ్చినట్టున్నారు. ఇంకాసేపు గడిచింది, మెట్ల మీద ఇంకెవరి అడుగులూ వినబడలేదు. పిచ్చుక పెన్సిలు కొస కొరుకుతూ తలుపునీ అమ్మనీ మార్చి మార్చి చూస్తోంది.

బెల్లు మోగింది.

పిల్ల ఉలిక్కిపడింది. "నాన్న బెల్లు కొట్టడు కదా. ఎవరమ్మా?"

"బయటివాళ్ళు" అంది ఆమె.

అలా అని వంటింట్లోకి వెళ్ళి, సగంలో వదిలేసిన అంట్ల ముందు నిలబడి, కుళాయిని పూర్తిగా తిప్పింది. నీళ్ళు గిన్నెల మీద పడి గట్టంతా చిమ్మాయి. బెల్లు ఇంకోసారి మోగిందో లేదో ఆమెకి వినబడలేదు.